వట్టికోట ఆళ్వారుస్వామిగారి పుస్తకముల మూట

నవలాకర్త యనగానే తీరికగా పరుపుపై గూర్చుండి వ్రాయువాడని మనవారిలో ననేకులు తలతురు. బడిలో తెలుగు చెప్పిన దినములలో మాకును అట్టి భ్రాంతియే యుండెడిది. సొంత సొమ్ముతో మా పద్యములను 500 ప్రతులు అచ్చొత్తించిన పిదప గాని యది తీరలేదు. శాలువ కప్పినవారు పలువురు. వెల యిచ్చి కొన్నవారు పదుగురు. తక్కిన ప్రతులు నేటికిని మా యటుకమీద నున్నవి. కావున మన సీమవారగు ఆళ్వారుస్వామిగారి నవలలు పాఠకుని చేరుటకు వెనుక నెంత శ్రమ యున్నదో ఈ సంచికలో వ్రాయుచున్నాము.

ఆయన 1915వ సంవత్సరము నవంబరు 1వ తేదీన నకిరేకల్లు ప్రాంతమందలి చెరువుమాదారములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. ఒక యుపాధ్యాయునకు వండిపెట్టుచు చదువు నేర్చుకొనిరి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు బాట కొసనున్న బెజవాడలో హోటలునందు వడ్డనపని చేసిరి. పిమ్మట గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దిరి. కాగితము, కూర్పు, అచ్చు, కుట్టుపని, వీనిలో సొమ్ము ఎచ్చట కరగునో ఆయనకు తెలిసినది అక్కడనే యని మా యూహ.

1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. దేశోద్ధారక బిరుదాంకితులగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గతించిన యేడును అదియే. పంతులుగారి ఆంధ్రగ్రంథమాల వెనుక అమృతాంజనపు రాబడి యుండెను. స్వామిగారి వెనుక నున్నది భుజముమీది సంచి మాత్రమే. నిజాము రాజ్యమున బడిచదువు ఉర్దూలో సాగుచుండగా తెలుగు చదువరులు కొలదిమంది. పల్లెలలో పుస్తకముల యంగడులు లేవు. సర్కారు సీమనుండి సరకు తెప్పింపవలెనన్న, 7 హాలీ రూపాయలకు గాని 6 కలదారులు రావు. ఆయన తానే మూట మోసికొని యూరూర తిరిగి యమ్మిరి. వచ్చిన సొమ్ము తరువాతి పుస్తకపు కాగితమునకు పోవలెను. అమ్ముడుపోనివి మరల భుజమెక్కవలెను. గిడ్డంగిలో నిలిచిన బస్తా వడ్డీని తినునని మిర్యాలగూడ మిల్లుల యజమానులకు మేము చెప్పనక్కరలేదు. ఇట్లు 30కి పైబడిన గ్రంథములు వెలువడినవి. అందు పెక్కు ఇతరులు వ్రాసినవి! తన నవల సంగతి ఆయనకు చాలకాలము తరువాత గాని రాలేదు.

1942లో కారాగారము; మరల 1946 మొదలు 1951 వరకు నిర్బంధము. మోయువాడు చెరలో నున్న మూట కదలునా? నిజామాబాదు చెరలో తోడుగా నున్న దాశరథిగారు తమ అగ్నిధారను ఆయనకే అంకితమిచ్చిరి. పూర్వము కృతిభర్త కవికి అగ్రహారము నిచ్చెడివాడు. ఈ కృతిభర్తకు ఇచ్చుటకేమున్నది?

చెరసాల యనుభవములు జైలు లోపల యను కథలైనవి. దిమ్మెగూడెమను పల్లెను, కంఠీరవమను యువకుని ముందిడుకొని ప్రజల మనిషి వ్రాసిరి. వెట్టిని, దొరల దౌర్జన్యమును అంత సమీపమునుండి చూపిన నవల మేమెరిగినంతలో దానికి ముందు తెలంగాణమున లేదు. తరువాతి కథను గంగు అను నవలగా ఆరంభించిరి, ముగింపలేదు. 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియైదేండ్ల ప్రాయమున గతించిరి. అసంపూర్ణమగు గంగు 1965లో అచ్చయినది.

ఈ మహాసభలో భోజనశాల ప్రక్కన నొక బల్లపై ఆ రెండు నవలలను ఉంచుటకు కార్యవర్గమువారు అంగీకరించిరి. బల్లయొద్ద మేమే కూర్చుందుము. ఉచిత ప్రతులు లేవు, పోషకులకును లేవు.