వ్రేళ్లకు చూపు నొసగిన బాలుడు

జీవులయెడ దయ చూపుట గొప్పయని లోకులు తలంతురు. కాని 1884 లో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు భక్తులతో ముచ్చటించుచు, మానవునకు దగినది దయ కాదనియు, శివభావముతో జీవులను సేవించుటయే యనియు బోధించిరి. దయ చూపువాడు తన్ను మీదను, ఎదుటివానిని క్రిందను నిలుపుకొనును. సేవించువాడు ఎదుటివానియందు కొఱతను గాక పూర్ణత్వమును గాంచును. ఈ భేదమెట్టిదో ఫ్రాన్సు దేశమందలి యొక అంధబాలుని జీవితము చక్కగా విశదపఱచును.

లూయీ బ్రెయిల్ 1809 జనవరి 4 వ తేదీన, పారిస్ నగరమునకు తూర్పుననున్న కూవ్రే అను పల్లెలో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు, కళ్లెములు కుట్టి జీవించువాడు. నలుగురు బిడ్డలలో లూయీ కడపటివాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిశాలలో ఆడుకొనుచు, తోలుపనికి వాడు మొనగల పనిముట్టు నొకదానిని చేతబట్టగా అది జాఱి కంటిలో గ్రుచ్చుకొనెను. గాయము చీముపట్టి రెండవ కంటికిని ముప్పు తెచ్చెను. అయిదేండ్లు వచ్చునప్పటికి బాలుడు పూర్తిగా అంధుడయ్యెను.

ఆ కాలమున పేదయింటి అంధులలో పలువురకు మిగిలినది బిచ్చమెత్తుటయే. లూయీ తల్లిదండ్రులు అందుల కొప్పుకొనలేదు. ఇంటిపనులలో వానికిని పాలు పెట్టిరి. తండ్రి చేతికఱ్ఱలు చెక్కి యిచ్చెను. వాని యూతతో బాలుడు పల్లెత్రోవలలో ఒంటరిగా నడవ నేర్చెను. చెక్కపై మేకులను అక్షరముల యాకారమున దిగగొట్టి, వ్రేళ్లతో తడిమించి తండ్రి అక్షరములు నేర్పెను. గ్రామమందలి చర్చి మతగురువైన పల్యుయి బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, స్వయముగా పాఠములు చెప్పి, పిదప ఊరి బడిలో చేర్పించెను. చదువుకొను కన్నులు లేకున్నను, విన్నదెల్ల మనమున నిలుపుకొని లూయీ మంచి విద్యార్థి యనిపించుకొనెను. ఆ పల్లె వానిని జాలికి పాత్రునిగా గాక తనవానిగా అంగీకరించెను.

1819 లో, పదియేండ్ల వయస్సున, లూయీ పారిస్ లోని అంధబాలుర రాజకీయ విద్యాలయమున చేరెను. అచటి పుస్తకములు మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తినవి. అవి మిక్కిలి బరువైనవి. చదువుట కడు నిదానము. ఆ పద్ధతిని వ్రాయుటయో అంధులకు దుస్సాధ్యము. 1821 ప్రాంతమున చార్లెస్ బార్బియే అను సైనికోద్యోగి చుక్కల లిపి నొకదానిని విద్యాలయమునకు తెచ్చెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వఱకు కలవు. అది ధ్వనులను మాత్రమే తెలుపును. వ్రేలికొన క్రింద ఇమడదు. లూయీ తీరిక వేళలందును, రాత్రులందును కూర్చుండి దానిని సంస్కరించెను. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయమున, రెండు నిలువు వరుసలలో ఆఱు చుక్కలతో 63 గుర్తులు కూర్చెను. చిన్ననాట కన్నులను గొన్నది వాడిమొన గల పనిముట్టు. ఇప్పుడు కాగితముపై వెలుగు పొడుచుటకు వాని చేతనున్నదియు అట్టిదే.

ఆయన 1829 లో ఆ విధానమును గ్రంథముగా ప్రకటించెను. విద్యార్థులు దానిని ప్రాణముగా చూచుకొనిరి. చూపుగల పెద్దలు మాత్రము శంకించిరి. అంధులు వేఱు లిపిని వాడినచో లోకమునుండి వేఱుపడుదురని వారి వాదము. వారి యుద్దేశము చెడ్డది కాదు. కాని అంధుడు తమవలెనే చదువవలెనని కోరిరే కాని, అతని వ్రేళ్లకు ఏది సుగమమో అడుగరైరి. 1840 లో అధ్యక్షుడైన డ్యుఫో ఆ లిపిని నిషేధించెను. విద్యార్థులు శిక్షలకు వెఱవక చాటుగా వ్రాసికొనుచు దానిని నిలుపుకొనిరి. తుదకు ఉపాధ్యక్షుడైన గాదే దాని విలువను గ్రహించి డ్యుఫో మనస్సును మార్చెను. 1844 లో నూతనభవన ప్రారంభోత్సవ సభలో ఆ లిపి సామర్థ్యము ఎల్లరయెదుట ప్రదర్శింపబడెను. నిషేధించినవారే అంగీకరించిరి.

అప్పటికే బ్రెయిల్ క్షయరోగ పీడితుడు. తాను చదివిన విద్యాలయముననే ఉపాధ్యాయుడై, చర్చిలలో ఆర్గన్ వాయించుచు, తన కొలది సంపాదనలోనే బీదవిద్యార్థుల నాదుకొనుచు జీవించి, 1852 జనవరి 6 న, నలువదిమూడేండ్ల వయస్సున కన్నుమూసెను. ఫ్రాన్సు దేశము ఆ లిపిని అధికారపూర్వకముగా స్వీకరించినది 1854 లో; ఆ దినమును ఆయన చూడలేదు. 1952 లో దేశము ఆయన యస్థికలను పారిస్ లోని పాంథియోన్ అను మహనీయుల సమాధిమందిరమునకు చేర్చెను. చేతుల యెముకలను మాత్రము కూవ్రే గ్రామము తనయొద్దనే యుంచుకొనెను. 1951 లో భారతీయభాషల కెల్ల ఉమ్మడిగా ఏర్పడిన భారతి బ్రెయిల్ మూలమున మన తెలుగక్షరములును ఆ ఆఱు చుక్కలలో ఒదిగినవి.

మేకులు దిగగొట్టిన తండ్రి కుమారుని కన్నులకై విలపించుచు కూర్చుండలేదు. వాని వ్రేళ్లను విశ్వసించెను. మన యింటనో, పొరుగుననో అట్టి బిడ్డ యున్నచో మనము చేయదగిన పూజయు అదియే. లేనిదానికై జాలిపడుట సులభము. ఉన్నదానిని గుర్తించి నమస్కరించుటయే సేవ.