నోబిలు దొరగారు — బందరు పాఠశాల వాకిలి

ప్రతి సంవత్సరమును పరీక్షాఫలితములు వెలువడిన పిదప మన పాఠశాల వరండాలో తలిదండ్రులు గుంపులుగా నిలుచుందురు. ఒకరు గుడివాడ ప్రాంతపు పల్లెనుండి, ఒకరు దివిసీమనుండి, మరియొకరు బందరు పట్టణములోని ఏదో పేటనుండి వచ్చియుందురు. తమ బిడ్డ ఏ కళాశాలలో చేరవలెనో, అచ్చట చేర్చుకొందురో లేదో, జీతమెంతయగునో, వసతి కలదో లేదో మమ్మడుగుదురు. దూరపు నగరములోని పెద్ద కళాశాల మేలా, దగ్గరనున్న చిన్న కళాశాల మేలా అను సంశయము వారిని బాధించుచుండును. మేము దరఖాస్తులు నింపించి, యోగ్యతాపత్రములు వ్రాయుచు, మాకు తోచిన సలహా చెప్పి పంపుచుందుము. అట్టివేళల మాకొక ప్రశ్న మనస్సునకు వచ్చుచుండును. ఈ కృష్ణాతీరమున పల్లెటూళ్ల బాలురు క్రొత్త చదువు కోరి దూరమునుండి వచ్చి ఒక చిన్న విద్యాలయపు వాకిట నిలుచుట ఎప్పుడు ప్రారంభమయ్యెను? ఆ వాకిలి ఎవరికి తెరువబడెను? ఎవరికి మూయబడెను? ఈ ప్రశ్నలకు సమాధానము రాబర్టు టర్లింగ్టన్ నోబిలు దొరగారి జీవితములో దొరకును. కావున ఈ సంచికలో ఆయన చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుపనెంచితిమి.

నోబిలుగారు 1809వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని లెస్టరుషైరునందు ఫ్రిస్బీయను చిన్న గ్రామమున జన్మించిరి. వారి తండ్రి ఆ గ్రామపు గురువు. కనుక ఆయన కూడ మన విద్యార్థులలో ననేకులవలెనే పల్లెటూరి బాలుడే. పెద్దవాడైన పిదప కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి సిడ్నీ ససెక్సు కళాశాలలో చదివి పట్టభద్రుడై గురుత్వము స్వీకరించెను. స్వదేశమున నెమ్మదియైన జీవితము గడుపుటకు ఆయనకు కొదువ లేకుండెను.

ఆ కాలమున తెలుగు జిల్లాలలో ఉద్యోగములు చేయుచున్న కొందరు ఆంగ్లేయులు ధనము ప్రోగుచేసి, తెలుగువారి నడుమ పని చేయుటకు మిషనెరీలను పంపుడని లండనులోని చర్చి మిషనెరీ సంఘమువారిని కోరుచుండిరి. ఆ పిలుపు నందుకొని 1841లో ఇద్దరు బయలుదేరిరి. ఒకరు నోబిలుగారు, రెండవవారు ఆయనకంటె చిన్నవాడైన హెన్రీ వాట్సను ఫాక్సుగారు. ఆ సంవత్సరముననే చెన్నపట్టణము మీదుగా వారు మన ప్రాంతమునకు వచ్చి చేరిరి. ఇద్దరి మార్గములును వేరు. ఫాక్సుగారు ఊరూర తిరిగి, తిరునాళ్లలోను బజారులలోను మాటలాడు స్వభావము గలవారు. నోబిలుగారు ఒక్కచోట కూర్చుండి, ఒక్క బాలుని మనస్సును సంవత్సరములతరబడి దిద్దు స్వభావము గలవారు. ఫాక్సుగారు భార్యను కోల్పోయి, దేహము చెడి స్వదేశమునకు వెళ్లి 1848లో మరణించిరి. ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థమై బందరునందు ఒక ఉపాధ్యాయపదవిని నెలకొల్పిరి. నోబిలుగారు మాత్రము తిరిగి ఇంగ్లండు గడ్డపై కాలు పెట్టలేదు. వివాహమాడలేదు. వచ్చిననాటినుండి చనిపోవువరకు 24 సంవత్సరములు బందరే ఆయనకు ఇల్లు.

ఆనాటి బందరును మన విద్యార్థులు ఊహించుకొనవలెను. 1611లో ఆంగ్లేయులు వర్తకస్థానము నెలకొల్పిన ఆ రేవు అప్పటికే పూర్వపు వైభవము కోల్పోయియుండెను. బెజవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట ఇంకను లేదు. అది 1855 ప్రాంతమునగాని పూర్తి కాలేదు. కాలువలు లేవు. వానకాలమున గుడివాడ ప్రాంతపు దారులు బురదలో మునుగును. దివిసీమను ఒకప్రక్క సముద్రము, తక్కిన ప్రక్కల కృష్ణ పాయలు చుట్టుకొనియుండుటచే ఏరు దాటవలెనన్న పడవే శరణ్యము. కుంఫిణీ కచేరీలలోను న్యాయస్థానములలోను ఉద్యోగములు దొరకవలెనన్న ఇంగ్లీషు రావలెనను మాట మాత్రము పల్లెలకు కూడ ప్రాకుచుండెను. అట్టి సమయమున నోబిలుగారు రెండు సంవత్సరములు శ్రద్ధగా తెలుగు నేర్చుకొని, 1843 నవంబరులో పాఠశాల తెరచిరి. మొదటి దినమున వచ్చినవారు ఇద్దరే విద్యార్థులు.

ఇద్దరే! ఏ తరగతిలోనైన పిల్లలు తక్కువైనచో మేము ఎంతో చింతింతుము. కేంబ్రిడ్జి పట్టభద్రుడొకడు సముద్రములు దాటి వచ్చి, రెండేండ్లు భాష నేర్చి, ఇద్దరు బాలుర యెదుట కూర్చుండి పాఠము మొదలుపెట్టుట సామాన్యమైన సంగతి కాదు. ఆయన కోరినది సంఖ్య కాదు. సర్కారు ఉద్యోగమునకు కావలసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పి పంపుటయును ఆయన కోరిక కాదు. ఇంగ్లీషును, ఇతర లౌకిక విద్యలను నేర్పుచు, దానితో కూడ ప్రతి విద్యార్థికిని బైబిలు పాఠము చెప్పుదునని ఆయన మొదటనే స్పష్టముగా తెలిపెను. ఈ సంగతి దాచి పిల్లలను చేర్చుకొనలేదు. తలిదండ్రులును తెలిసియే పంపిరి. ఉద్యోగాశ ఒకవైపు, కులాచారభయము ఒకవైపు లాగుచుండగా ఆ తండ్రులెంత తర్కించుకొని పిల్లవాని చేయి పట్టుకొని ఆ వాకిటికి తెచ్చిరో మనమూహింపవచ్చును. క్రమముగా పాఠశాల పెరిగెను. బందరు చుట్టుప్రక్కల ప్రతిష్ఠ గాంచెను.

1852లో పెద్ద పరీక్ష వచ్చెను. ఆయినాల భూషణము, మంచాల రత్నము అను ఇద్దరు విద్యార్థులు క్రైస్తవమతము స్వీకరింప నిశ్చయించుకొని నోబిలుగారి యింటికి వచ్చి చేరిరి. వారిలో నొకరు బ్రాహ్మణుడు, ఒకరు వెలమ. పట్టణమంతయు కల్లోలమయ్యెను. బంధువులును జనులును ఆయన యింటిమీదికి వచ్చిరి. ఆ బాలురు బాప్తిస్మము పొందిరి. పాఠశాల ఒక్కసారిగా ఖాళీయయ్యెను. తొమ్మిదేండ్లుగా కట్టినది ఒక్కనాటిలో కూలినట్లుండెను. ఇచ్చట మనము ఇరుపక్షముల దుఃఖమును చూడవలెను. కొడుకు చేయి జారిపోయెనని ఏడ్చిన తల్లి దుఃఖము నిజమైనది. తన మనస్సాక్షిని అనుసరింపగోరిన యువకుని పట్టుదలయు నిజమైనదే. నోబిలుగారు బాలురను వెనుకకు త్రిప్పి పంపనులేదు, పాఠశాల మూయనులేదు. ఖాళీ బల్లల యెదుట ఓపికతో వేచియుండిరి. కొంతకాలమునకు విద్యార్థులు మరల వచ్చిరి. ఆ ఇద్దరు యువకులును తరువాత గురువులుగా అభిషేకింపబడిరి. అదే పాఠశాలలో చదివిన జానీ ఆలీ యను మహమ్మదీయ యువకుడు క్రైస్తవుడై, కేంబ్రిడ్జికి పోయి పట్టభద్రుడై, మరల హిందూదేశమునకు వచ్చి బొంబాయి, కలకత్తా నగరములలో పని చేసెను. బందరు చిన్న పాఠశాలలో అక్షరములు దిద్దినవాడు తన గురువు చదివిన విశ్వవిద్యాలయముననే చదువుట ఆ కాలమున ఆశ్చర్యకరమైన విషయము.

ఇక చెప్పక తీరని సంగతి యొకటి కలదు. ఒక మహనీయుని చరిత్ర వ్రాయునప్పుడు ఆయన లోపములను కప్పిపుచ్చుట విద్యార్థులకు మేలు చేయదని మా యభిప్రాయము. నోబిలుగారి పాఠశాల వాకిలి అందరికిని తెరువబడలేదు. బ్రాహ్మణులు మొదలైన పై కులములవారిని, మహమ్మదీయులను ఆయన చేర్చుకొనెను. మాల మాదిగ బాలురను చేర్చుకొనలేదు. దేవాలయములో కులభేదమునకు తావులేదని ఆయన నమ్మకము; క్రైస్తవులైనవారి నడుమ ఆ భేదమును ఆయన అంగీకరింపలేదు. కాని పాఠశాల విషయమున ఆయన వేరొక లెక్క వేసికొనెను. అంటరానివారిని చేర్చినచో పై కులములవారు ఒక్కరును రారని, ముందు వారి మనస్సులు మారినచో వారే తక్కినవారికి బోధింతురని ఆయన తలంచెను.

ఈ లెక్క తప్పనవచ్చునా? ఆ కాలపు మనుష్యుడు ఆ కాలపు బంధనములలోనే ఆలోచించెనని కొందరందురు. కాని ఆ కాలముననే వేరుగా ఆలోచించినవారును కలరు. నోబిలుగారు బందరు చేరకమునుపే, 1838 ప్రాంతమున చెన్నపట్టణములో జాన్ ఆండర్సను అను స్కాట్లండు మిషనెరీగారి పాఠశాలలో పరయ బాలురిద్దరు చేరిరి. వారిని తీసివేయుమని తక్కినవారు పట్టుబట్టిరి. ఆండర్సనుగారు ఒప్పుకొనలేదు. విద్యార్థులనేకులు వెడలిపోయిరి. కాని పాఠశాల చావలేదు. కొంతకాలమునకు పలువురు మరల వచ్చిరి. 1852లో తన పాఠశాల ఖాళీయైనప్పుడు నోబిలుగారు ఎంత ధైర్యముతో వేచియుండిరో చూచితిమి. అంత ధైర్యము గలవారు ఈ విషయమున కూడ వేచియుండగలిగెడివారే. ఆయన ఈ పరీక్షకు దిగలేదు. అందుచే ఒక తరము బాలురు ఆ వాకిలి దాటలేకపోయిరి.

ఆ బాలురు ఊరక కూర్చుండలేదు. 1859లో రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్య అను మాల పెద్ద తన ప్రశ్నలకు సమాధానము వెదకుకొనుచు బెజవాడలోని డార్లింగుగారి యొద్దకు వచ్చి బాప్తిస్మము పొందెను. అతనినుండి కృష్ణాజిల్లా పల్లెలలో క్రొత్త ఉద్యమము బయలుదేరెను. పల్లె బడులు పుట్టెను. పైనుండి క్రిందికి విద్య దిగివచ్చునని నోబిలుగారు కాచుకొనియుండగా అది క్రిందినుండియే మొలకెత్తెను. నేడు మన పాఠశాలలో చదువుచున్న వారిలో ఎందరి పూర్వులు ఆనాడు ఆ వాకిట నిలుచుటకైన నోచుకొనలేదో మన తలిదండ్రులకు తెలియును. బాలికలకును ఆ పాఠశాలలో చోటు లేదు. బందరులో వారికై షార్కీ దొరసానిగారు వేరుగా వసతి పాఠశాల నడుపుచుండిరి.

1864 నవంబరు 1వ తేది రాత్రి గొప్ప గాలివానతో సముద్రము పొంగి బందరుపై బడెను. కెరటము సుమారు 13 అడుగుల యెత్తున వచ్చెనని చెప్పుదురు. పట్టణములోను చుట్టుప్రక్కల పల్లెలలోను దాదాపు 30,000 మంది నశించిరి. షార్కీ దొరసానిగారి పాఠశాలలోని బాలికలు ముప్పదిమందికి పైగా ఆ నీటిలో మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమపై బడిన ఉప్పెనను కన్నులార చూచిన పెద్దలు మన గ్రామములలో నేటికిని కలరు. కావున ఆ రాత్రి ఎట్టిదో మనవారికి వేరుగ వర్ణింప నవసరము లేదు. నీరు వచ్చునప్పుడు అది కులము నడుగదు. ఒకే యొడ్డున అందరి శవములును చేరును.

నోబిలుగారు ఆ ఉప్పెననుండి బ్రదికి బయటపడిరి. అప్పటికే రెండు పదుల సంవత్సరముల ఎడతెగని శ్రమచే ఆయన దేహము క్షీణించియుండెను. ఉప్పెన గడచి ఏడాది తిరుగకమునుపే, 1865 అక్టోబరు 17న, 56 సంవత్సరముల వయస్సున, బందరులోనే కన్ను మూసిరి. ఆయన చేతులలో పెరిగిన పాఠశాల తరువాత ఆయన పేరనే నోబిలు కళాశాలయై ప్రసిద్ధి గాంచెను. కాలక్రమమున దాని వాకిలి అన్ని కులములవారికిని తెరువబడెను. నేటికిని అది బందరులో విద్యాదానము చేయుచున్నది. బందరులో 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము కూడ వెలసెను. రెండు వందల మైళ్లు పోకుండ ఇంటిదగ్గరనే ఉన్నత విద్య నేర్చుకొను భాగ్యము మన బాలబాలికలకు కలిగినది.

ప్రియ విద్యార్థులారా! మీరు త్వరలో మన పాఠశాల విడిచి కళాశాలకు దరఖాస్తు పెట్టుకొందురు. కొందరికి పెద్ద నగరముల కళాశాలలు దొరకును. కొందరికి మార్కులవలననో, తండ్రిగారి సంపాదనవలననో, చిన్న ఊరిలోని చిన్న కళాశాలయే దిక్కగును. అట్టివారు చిన్నబుచ్చుకొనరాదు. ఇద్దరు విద్యార్థులతో మొదలైన పాఠశాల ఒక సీమకు వెలుగైనదని మరువకుడు. విద్యాలయపు గొప్పతనము దాని గోడలలో లేదు. ఆ లోపల మిమ్ము పేరు పెట్టి పిలిచి, మీ తప్పులు దిద్ది, మీకై వేచియుండు గురువునందున్నది. అట్టి గురువు దొరికినచో విడువకుడు.

తలిదండ్రులకు కూడ ఒక్క మనవి. బిడ్డను ఎచ్చట చేర్చవలెనని విచారించునప్పుడు జీతము, భవనము, పేరు ప్రతిష్ఠలతోపాటు ఇంకొక ప్రశ్న కూడ అడుగుడు: ఆ వాకిలి ఎవరెవరికి తెరచియున్నది? మీ బిడ్డ ప్రక్కను కూర్చుండుటకు ఎవరెవరు రాగలరు? ఎవరినో బయట నిలిపి లోపలివారికి చెప్పు విద్యలో ఏదో కొరత యుండును.

మాకు, మా తోటి యుపాధ్యాయులకును నోబిలుగారి జీవితము రెండు పాఠములు నేర్పుచున్నది. ఖాళీ బల్లల యెదుట కూడ పాఠము మానకుండుట మొదటిది. అది ఆయన చేసి చూపిరి. బల్లలు ఖాళీయగునను భయముచే ఎవరిని కూడ వాకిటినుండి పంపివేయకుండుట రెండవది. అది ఆయన చేయలేకపోయిరి. చేయుట మనకు వదలిరి. వచ్చే జూన్ నెలలో మన వరండాలో మొట్టమొదటి బాలుడో బాలికయో తండ్రి చేయి పట్టుకొని వచ్చి నిలుచునప్పుడు ఈ రెండును మేము మరువకుందుము గాక.