రెండు వైపులా వినమన్న మాస్టారు

కోల్‌కతాలో మౌలాలి అనే చోటు ఉంది. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు ఆ పేరు వినగానే, మన మౌలాలి ఇక్కడికెలా వచ్చిందా అనుకుంటారు. ఆ చుట్టుపక్కలే, ఎంటాలీ పద్మపుకూర్ ప్రాంతంలో, 1809 ఏప్రిల్ 18న హెన్రీ లూయీ వివియన్ డెరోజియో పుట్టాడు. బతికింది ఇరవై రెండేళ్ళే. అయినా బెంగాల్ చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు లేకుండా 19వ శతాబ్దం కథ మొదలుకాదు.

తండ్రి ఫ్రాన్సిస్ ఒక వ్యాపార కంపెనీలో ఉద్యోగి. ఆ కుటుంబంలో పోర్చుగీసు, భారతీయ, ఇంగ్లీషు మూలాలు కలిసి ఉన్నాయి. అలాంటివాళ్ళను అప్పట్లో ఈస్ట్ ఇండియన్లు అనేవారు. తెల్లవాళ్ళు వాళ్ళను తమతో సమానంగా చూసేవారు కాదు. మిగతా ఊరికేమో వాళ్ళు పరాయివాళ్ళు. మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం ఆగి ఆలోచించడం మనలో చాలామందికి అలవాటే కదా! డెరోజియో మాత్రం భారతదేశాన్నే తన దేశంగా ఎంచుకుని, ఆ దేశం మీదే ఇంగ్లీషులో కవిత్వం రాశాడు.

ఆరేళ్ళ వయసులో అతన్ని ధర్మతలాలోని డేవిడ్ డ్రమ్మండ్ బడిలో చేర్చారు. డ్రమ్మండ్ స్కాట్లండ్ నుంచి వచ్చిన పంతులు. ఆయన బడిలో తెల్లవాళ్ళ పిల్లలు, ఈస్ట్ ఇండియన్ పిల్లలు, బెంగాలీ పిల్లలు కలిసి చదువుకునేవారు. ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. డెరోజియో చదువు అంతా అక్కడే. పద్నాలుగేళ్ళకు బడి మానేసి తండ్రి కంపెనీలోనే గుమస్తాగా చేరాడు. అది నచ్చక భాగల్పూర్‌లో నీలిమందు వ్యాపారం చేసే బంధువుల దగ్గరికి వెళ్ళాడు. గంగ ఒడ్డున కూర్చుని పద్యాలు రాసి కలకత్తా పత్రిక ఇండియా గెజెట్‌కు పంపేవాడు. అవి అచ్చయ్యాయి. పేరు వచ్చింది.

1826లో హిందూ కాలేజీలో ఉపాధ్యాయుడిగా ఉద్యోగం దొరికింది. అప్పటికి ఆయన వయసు పదిహేడు! అంటే మన పన్నెండో తరగతి అన్నయ్యల వయసు. శిష్యుల్లో కొందరు ఆయన కంటే నాలుగైదేళ్ళే చిన్నవాళ్ళు. 1817లో మొదలైన ఆ కాలేజీయే తరవాత ప్రెసిడెన్సీ కాలేజీ అయింది, ఇప్పుడు ప్రెసిడెన్సీ యూనివర్సిటీ.

పాఠం చెప్పే పద్ధతిలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఏ ప్రశ్న తీసుకున్నా రెండు పక్షాల వాదనలూ పిల్లల ముందు పెట్టాలి. దేవుడి ఉనికిని శంకించిన హ్యూమ్ వాదన చెప్తే, దానికి జవాబు చెప్పిన రీడ్, స్టువర్ట్ వాదనలు కూడా చెప్పేవాడు. ఎటు మొగ్గాలో పిల్లలే తేల్చుకోవాలి.

కాలేజీ గంటలు చాలక 1828లో అకడమిక్ అసోసియేషన్ అనే చర్చాసభ పెట్టారు. కొన్నాళ్ళకు అది మానిక్‌తలాలోని ఒక తోట ఇంటికి మారింది. అధ్యక్షుడు డెరోజియో. మనుషులు చేసేది సొంత ఇష్టంతోనా, విధి రాతతోనా? దేశభక్తి అంటే ఏమిటి? విగ్రహారాధన, పురోహితుల పెత్తనం మంచివా కావా? కుర్రాళ్ళు ఇలాంటి వాటి మీద వాదించుకునేవారు. వినడానికి పెద్దవాళ్ళూ వచ్చేవారు. గడియారాల వ్యాపారం చేయడానికి వచ్చి పిల్లల చదువుకే అంకితమైపోయిన డేవిడ్ హేర్, సుప్రీంకోర్టు జడ్జి ఎడ్వర్డ్ రయన్ అక్కడ కూర్చుని విన్నారు. పాలించేవాడూ పాలితుడూ ఒకే గదిలో కూర్చుని వాదన బాగుందా లేదా అని మాత్రమే చూసుకునే చోటు ఊళ్ళో మరెక్కడా అంత తేలిగ్గా దొరికేది కాదు. మన వైపు కందుకూరి వీరేశలింగం పంతులు పుట్టడానికి అప్పటికింకా ఇరవై ఏళ్ళు ఉంది.

ఊరు మాత్రం ఉడికిపోయింది. మాస్టారు దేవుడు లేడంటున్నాడనీ, తల్లిదండ్రుల మాట వినవద్దని చెప్తున్నాడనీ పుకార్లు లేచాయి. కొందరు పిల్లల్ని కాలేజీ మాన్పించారు. 1831 ఏప్రిల్ 23న కాలేజీ నిర్వాహకులు సమావేశమయ్యారు. ఆయన బోధనలో తప్పు చూడలేదని అక్కడ చెప్పినవాళ్ళూ ఉన్నారు. అయినా ఊళ్ళో ఉన్న ఆగ్రహం దృష్ట్యా ఆయన్ను తీసేయడమే మంచిదన్న మాట నెగ్గింది. ఇది హిందూ సమాజం మనోభావాలకు సంబంధించిన విషయమంటూ హేర్, విల్సన్ ఓటు వేయలేదు. నా మటుకు నాకు హేర్ వంటివాడు ఆ రోజు నోరు విప్పి ఉండాల్సిందనిపిస్తుంది.

రెండు రోజుల తరవాత డెరోజియో రాజీనామా ఇచ్చాడు. తనను పిలిచి అడగలేదనీ, సాక్షులను విచారించలేదనీ, తన మాట వినకుండానే తీర్పు చెప్పేశారనీ అందులో రాశాడు. ఎప్పుడూ రెండో పక్షం వినమన్న మనిషికి తన పక్షం చెప్పుకునే అవకాశం రాలేదు.

విల్సన్ అడిగిన తరవాత ఆయన రాసిన జవాబులో ఒక సంగతి ఉంది. శిష్యుడు దక్షిణారంజన్ ముఖర్జీ తండ్రితో పడక ఇల్లు వదిలి వెళ్ళిపోతానంటే, తండ్రి దగ్గర ఎంతైనా ఓర్చుకోవాలని చెప్పి ఆపింది తానేనట. తండ్రితో అమర్యాదగా ప్రవర్తించిన మరో శిష్యుణ్ణి గట్టిగా మందలించాడు కూడా. పుకార్లు మోసినవాళ్ళెవరూ ఈ మాట ఆయన్ను అడగలేదు.

శిష్యులందరూ ఆయన పాఠం సరిగ్గా పట్టుకున్నారని కూడా చెప్పలేం. అదే ఏడాది ఆగస్టులో కృష్ణమోహన్ బెనర్జీ ఇంట్లో, ఆయన లేని సమయంలో, స్నేహితులు నిషిద్ధ మాంసం తిని మిగిలినది పొరుగింట్లోకి విసిరారు. పేటంతా గొడవ. చేయని తప్పుకు కృష్ణమోహన్ ఇల్లు వదలాల్సి వచ్చింది. పొరుగువాడి ఇంట్లో ఎముకలు వేస్తే వాడి నమ్మకం మారుతుందా? వాడు తలుపు మూసుకుంటాడు, అంతే.

కాలేజీ వదిలాక డెరోజియో ది ఈస్ట్ ఇండియన్ అనే పత్రిక నడిపాడు. డిసెంబరులో కలరా సోకింది. 1831 డిసెంబరు 26న చనిపోయాడు. సమాధి సౌత్ పార్క్ స్ట్రీట్ స్మశానవాటికలో ఉంది.

ఆయన బాటలో నడిచిన కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. రాధానాథ్ సిక్దార్ లెక్కలు కట్టి ఎవరెస్టు శిఖరం అన్నిటికంటే ఎత్తయినదని తేల్చాడు. దక్షిణారంజన్ 1849లో బెథూన్ ఆడపిల్లల బడికి అండగా నిలిచాడు. వాళ్ళంతా 1838లో మరో సభ పెట్టుకున్నారు. 1843 ఫిబ్రవరిలో దాని సమావేశం హిందూ కాలేజీలోనే జరిగింది. కంపెనీ కోర్టులను, పోలీసులను విమర్శిస్తూ దక్షిణారంజన్ వ్యాసం చదువుతున్నాడు. కాలేజీ అధికారి కెప్టెన్ రిచర్డ్‌సన్ మధ్యలో లేచి, ఇది రాజద్రోహమంటూ ఆపబోయాడు. అధ్యక్షస్థానంలో ఉన్నది తారాచంద్ చక్రవర్తి. సభలో అతిథిగా ఉన్నవారికి అడ్డుపడే హక్కు లేదని చెప్పి, ఆ మాట వెనక్కి తీసుకోమన్నాడు. ఆ తరవాత సభ వాళ్ళు సమావేశాలను కాలేజీ నుంచి వేరే చోటికి మార్చుకున్నారు.