గ్రామానికో వనం కోరిన అటవీ అధికారి సర్ డైట్రిచ్ బ్రాండిస్

దొరవారిసత్రం: పులికాట్ సరస్సుకు సమీపంలోని దొరవారిసత్రం మండలం నేలపట్టులో, చెరువు నీటిలో పెరిగే చెట్లపై గూళ్లు కట్టుకునే గూడబాతులను గ్రామస్థులు తరతరాలుగా కాపాడుతున్నారు. పక్షుల రెట్టలతో సారవంతమైన చెరువు నీరు వారి పొలాలకు ఎరువుగా ఉపకరిస్తోంది. ఈ ప్రాంతాన్ని ప్రభుత్వం 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. ఊరి అవసరం, వన రక్షణ ఇలా పరస్పరం తోడు కావాలని అంతకు సుమారు శతాబ్ది క్రితమే, నెల్లూరు సీమ అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు రాజధాని ప్రభుత్వానికి సూచించిన అధికారి సర్ డైట్రిచ్ బ్రాండిస్.

జర్మనీలోని బాన్ నగరంలో 1824 మార్చి 31న జన్మించిన బ్రాండిస్ వృక్షశాస్త్ర అధ్యాపకునిగా జీవితం ప్రారంభించారు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల పర్యవేక్షణ బాధ్యతలు స్వీకరించారు. అక్కడ పోడు వ్యవసాయం చేసే కారెన్ గిరిజనులను శత్రువులుగా చూడక, పంటతో పాటు టేకు మొక్కలు పెంచిన వారికి ప్రతిఫలం చెల్లించే ఏర్పాటు చేశారు.

1864లో భారతదేశపు ప్రథమ అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితులయ్యారు. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల ఏర్పాటుకు కృషి చేశారు. అదే సంవత్సరం వెలువడిన భారత అటవీ చట్టంలో గ్రామ వనాలకు ప్రత్యేక అధ్యాయం చేరింది. అయితే ఆ అధ్యాయం అత్యధిక ప్రాంతాల్లో కాగితాలకే పరిమితమైంది.

గ్రామస్థుల హక్కులకు భంగకరమన్న అభ్యంతరాలతో 1878 చట్టాన్ని అంగీకరించని మద్రాసు ప్రభుత్వానికి సలహాలిచ్చేందుకు 1881లో బ్రాండిస్ దక్షిణాదికి వచ్చారు. ఆయన కృషి ఫలితంగా 1882 మద్రాసు అటవీ చట్టం రూపొందింది. వంటచెరకు, పశుగ్రాసం, వ్యవసాయ పనిముట్లకు కలప సమకూర్చే వనాలు గ్రామాలకు ఉండాలని, వాటి నిర్వహణలో గ్రామస్థులకు అటవీ శాఖ తోడ్పడాలని ఆయన భావించారు. దేవుని పేరిట ప్రజలు కాపాడుకునే వనాలను సైతం ఆయన శ్రద్ధగా పరిశీలించారు.

ఆచరణలో రిజర్వు అడవులు విస్తరించాయి గాని గ్రామ వనాలు ఆ స్థాయిలో ఏర్పడలేదు. పుల్లరి భారం, అటవీ ఆంక్షలపై 1921లో పల్నాడులో సత్యాగ్రహం చెలరేగింది. 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో అమరులయ్యారు. ప్రజలను దూరం చేసిన అటవీ పాలనకు చెల్లించవలసి వచ్చిన మూల్యమది.

1883లో పదవీ విరమణ చేసిన బ్రాండిస్ అమెరికన్ అటవీ విద్యార్థులకు మార్గదర్శకులయ్యారు. ఆయన సలహాలు పొందిన గిఫర్డ్ పింఛో 1898లో అమెరికా అటవీ విభాగాధిపతి అయ్యారు. అదే ఏడాది రైతులకు, భూయజమానులకు వారి అడవుల నిర్వహణలో ప్రభుత్వ నిపుణుల సాయం అందించే పథకం ప్రారంభించారు. భారతీయ వృక్షాలపై 1906లో బృహద్గ్రంథం వెలువరించిన బ్రాండిస్ 1907 మే నెలలో బాన్‌లో కన్నుమూశారు.

ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం ప్రారంభమై, వన సంరక్షణ సమితుల ద్వారా గ్రామస్థులు అడవుల రక్షణలో భాగస్వాములయ్యారు. 2002లో ప్రపంచ బ్యాంకు సాయంతో సామాజిక అటవీ యాజమాన్య పథకం చేపట్టారు. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులపై గ్రామసభల హక్కులను గుర్తించింది. అడవికి అండగా నిలిచే ఊరికి ఆ అడవి ఫలం దక్కాలన్న బ్రాండిస్ ఆశయానికి ఆ విధంగా శతాబ్ది దాటిన తరువాత రాష్ట్రంలో ఆచరణ రూపం లభించింది.