మోతోఓరి నోరినాగ

జపాను దేశపు ప్రాచీన గ్రంథాలలో ‘కొజికి’ ముఖ్యమైనది. క్రీ.శ. 712లో ఓ నో యసుమరో అనే ఆస్థానోద్యోగి దీనిని గెమ్మెయ్ సామ్రాజ్ఞికి సమర్పించాడు. ఆనాటికి జపాను భాషకు సొంత లిపి లేదు. అందువల్ల చీనా అక్షరాలనే కొన్నిచోట్ల అర్థం కోసం, మరికొన్నిచోట్ల ధ్వని కోసం వాడారు. కాలక్రమంలో ఆ గ్రంథాన్ని సరిగా చదవగలవారు అరుదైపోయారు. ఆ పఠనాన్ని పునరుద్ధరించడానికి జీవితాన్ని ధారపోసిన పండితుడు మోతోఓరి నోరినాగ.

ఆయన 1730లో ఇసే ప్రాంతంలోని మత్సుసాకలో, నూలు బట్టల వ్యాపారుల కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి మరణించాడు. కుమారునికి వ్యాపారంకన్న గ్రంథపఠనంపై మక్కువ అధికమని గ్రహించిన తల్లి, 1752లో వైద్యవిద్యకై ఆయనను క్యోటో నగరానికి పంపింది. అక్కడ వైద్యంతోపాటు చీనా శాస్త్రగ్రంథాలను, ప్రాచీన జపాను కవిత్వాన్ని కూడా ఆయన అభ్యసించాడు. 1757లో స్వస్థలానికి తిరిగివచ్చి శిశువైద్యునిగా స్థిరపడ్డాడు.

ఆ రోజులలో జపాను పండితులు చీనా గ్రంథాలను ఒక ప్రత్యేక పద్ధతిలో చదివేవారు. చీనా వాక్యంలో క్రియ ముందు, కర్మ తరువాత వస్తాయి. జపాను వాక్యంలో మాత్రం, మన తెలుగులో వలె, క్రియ చివర నిలుస్తుంది. అందుచేత అక్షరాల పక్కన చిన్న గురుతులు ఉంచేవారు. ఒక గురుతు, కింది అక్షరాన్ని ముందు చదివి పై అక్షరానికి మరలాలని తెలుపుతుంది. ఒకటి, రెండు అనే సంఖ్యలు దూరంగా ఉన్న పదాల క్రమాన్ని చూపుతాయి. విభక్తి ప్రత్యయాలను సన్నని అక్షరాలతో పక్కన రాసేవారు. 1644లో అచ్చయిన కొజికి ప్రతిలోనూ ఇట్టి గురుతులున్నాయి. అవి చదువరికి దారి చూపినా, వాటి వలన వినిపించేది తరువాతి కాలపు చీనా పఠనరీతియే. యసుమరో కాలపు పలుకు మరుగునపడిందని నోరినాగ గ్రహించాడు.

1763లో మత్సుసాకలోని ఒక సత్రంలో వృద్ధపండితుడు కామో నో మబుచిని ఆయన దర్శించాడు. కొజికిని వివరించాలన్న కోరిక మబుచికీ ఉండేది. కాని వయస్సు మీరిపోయింది. ముందుగా ‘మన్యోషూ’ కవితల ద్వారా ప్రాచీనభాషను సాధించమని ఆయన ఉపదేశించాడు. వారు కలిసినది ఆ ఒక్క రాత్రియే. అటుపిమ్మట 1769లో మబుచి మరణించేవరకు వారి విద్యావ్యాసంగం ఉత్తరాల ద్వారానే సాగింది.

1764లో నోరినాగ తన వ్యాఖ్యానాన్ని ఆరంభించాడు. ఏ అక్షరాన్ని ధ్వనిగా గ్రహించాలో, ఎక్కడ స్వరం మారుతుందో తెలుపుతూ యసుమరో స్వయంగా ఉంచిన చిన్న సూచనలను శ్రద్ధగా పరిశీలించాడు. ప్రతి పదాన్నీ ప్రాచీన కవితలతో, ప్రార్థనలతో, రాజశాసనాలతో సరిపోల్చాడు. వైద్యవృత్తిని విడువలేదు. 1782లో మేడపై చిన్న పఠనమందిరం కట్టించుకొని, అలసినప్పుడు అక్కడ వేలాడే చిరుగంటలను మ్రోగించి సేదదీరేవాడు. 1798లో, ముప్పదినాలుగేండ్ల కృషి అనంతరం, 44 సంపుటాల ‘కొజికి-దెన్’ పూర్తయింది. 1801లో ఆయన మరణించాడు. సంపుటాలన్నీ అచ్చయి వెలువడినది 1822లో.

పురాణగాథలన్నీ అక్షరసత్యాలని ఆయన నమ్మాడు. ఆ విశ్వాసాన్ని ఆయన కాలంలోనే ఉఎద అకినారి ఖండించాడు. ఆయన నిర్ణయించిన పాఠాలలో కొన్నింటిని తరువాతి పండితులు సవరించారు. అయినను కొజికిని చదివేవారు నేటికీ ఆయన వ్యాఖ్యానాన్ని సంప్రదించక తప్పదు. గురుతును గుడ్డిగా అనుసరించక, అది ఏ భాషకై పుట్టినదో విచారించి చదవడమే నోరినాగ చూపిన మార్గం.