నలభై ఏళ్ల ‘రెజ్ సిస్టర్స్’కు నూరేళ్ల దీవెన

కెనడా నేల మూలవాసులకు, అక్కడి రంగస్థలానికి, ఏ దేశంలో ఉన్నా నాటకమంటే చెవికోసుకునే వాళ్లందరికీ ఇది పండుగ వేళ. 1986 నవంబరు 26న టొరంటోలోని నేటివ్ కెనడియన్ సెంటర్‌లో తొలి ప్రదర్శన జరుపుకున్న ‘ది రెజ్ సిస్టర్స్’ నాటకానికి 2026 నవంబరుతో నలభై ఏళ్లు నిండుతాయి. ఆ సెంటర్ పేరున్న థియేటరు కాదు, నగరంలోని ఆదివాసులు కలుసుకునే చోటు. అక్కడ పురుడు పోసుకుని దేశదేశాల మన్ననలందుకున్న ఈ నాటకానికి, రచయిత టామ్సన్ హైవేకు, ప్రదర్శించిన ‘నేటివ్ ఎర్త్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ సంస్థకు, అందులోని ఏడుగురు ఆడపడుచులకు ప్రాణం పోసిన నటీమణులందరికీ తెలుగు నాటకప్రియుల తరఫున మనసారా అభినందనలు!

ఆ ఏడుగురిదీ ఆంటారియోలోని మానిటూలిన్ దీవిలో వసేచిగన్ హిల్ అనే కల్పిత రిజర్వు, అంటే ఆదివాసులకు కేటాయించిన నేల; వాడుకలో ‘రెజ్’. అక్కాచెల్లెళ్లు, సవతి చెల్లెళ్లు, ఒక వదిన, ఆమె పెంపుడు కూతురు. పెద్దదైన పెలాజియా ఇంటికప్పు మీదికెక్కి సుత్తితో మేకులు దిగ్గొడుతూ ఉంటుంది. ఊరికి మంచి రోడ్డు పడాలని ఆమె పట్టు. ఫిలొమెనాకు తెల్లగా తళతళలాడే పెద్ద టాయిలెట్ కావాలి. వెరోనిక్‌కు కొత్త స్టవ్, ఆనీకి పాటల రికార్డులు. పద్నాలుగు మంది పిల్లల తల్లి మారీ అడెల్‌ను క్యాన్సర్ కబళిస్తోంది. మొగుడూ పిల్లలతో హాయిగా బతకడానికి ఓ చిన్న దీవి దొరికితే చాలునంటుందామె. కల అంటే కలెక్టరుగిరీయో అమెరికా వీసాయో అనుకునేవాళ్లకు ఇవి కలల్లా కనిపించకపోవచ్చు. కానీ చెంబు పట్టుకుని చీకటి పడేదాకా ఎదురుచూసిన ఇల్లాళ్లున్న పల్లెలకు ఫిలొమెనా కోరికను విడమరిచి చెప్పాలా? ఆ కోరికను ఎగతాళి పట్టించకుండా నవ్వించడం హైవే సాధించిన ఘనత.

టొరంటోలో ప్రపంచంలోకెల్లా పెద్ద బింగో, మన క్లబ్బుల్లో తంబోలా అనే ఆటే, జరగబోతోందని తెలియగానే ఈ ఆడవాళ్ల కాళ్లు నేలమీద నిలవవు. బహుమతి అయిదు లక్షల డాలర్లు! దారిఖర్చులకు అప్పివ్వమని రిజర్వు కార్యాలయం మీదికి దండెత్తితే లేదు పొమ్మంటారు. ఆ పనీ ఈ పనీ చేసి, డాలరు డాలరు కూడబెట్టి వ్యాను ఎక్కుతారు. అప్పటిదాకా దుమ్మెత్తిపోసుకున్న నోళ్లే ఆ రాత్రి ప్రయాణంలో ఏళ్లుగా గుండెల్లో దాచుకున్నవి ఒకరికొకరు చెప్పుకుంటాయి. అయిదు లక్షలు ఎవరికీ రావు. మారీ అడెల్ తిరిగి రాదు. అయినా ఆమె పిల్లలకు వండిపెట్టడానికి వెరోనిక్ ఆ ఇంటి పొయ్యి దగ్గరికి చేరుతుంది, ఫిలొమెనాకు టాయిలెట్ అమరుతుంది, పెలాజియా మళ్లీ సుత్తి అందుకుంటుంది.

వీళ్ల మధ్య పక్షిగా, బింగో ఆడించే దొరగా రూపాలు మారుస్తూ తిరిగే మాయావి నానబుష్. తొలి ప్రదర్శనలో ఆ పాత్రను నర్తించినవాడు రచయిత తమ్ముడు రెనే హైవే. 1990లో కన్నుమూసిన ఆ కళాకారుణ్ణి తలచుకోకుండా ఈ వేడుక నిండుగా జరగదు.

ఉత్తర మానిటోబాలో క్రీ కుటుంబాన పుట్టి, పసితనంలోనే ఆదివాసీ పిల్లలను ఇంటికి దూరం చేసిన రెసిడెన్షియల్ స్కూలు పాలై, పియానో నేర్చి సంగీతంలో పట్టా పుచ్చుకుని, కచేరీల బాట వదిలి ఏళ్ల తరబడి ఆదివాసీ సేవాసంస్థల్లో పనిచేసిన హైవే, ఆ సేవలో విన్న గొంతులనే నాటకంలో పలికించాడు. 1986-87 రంగస్థల సంవత్సరానికి ఉత్తమ నూతన నాటకంగా డోరా మేవర్ మూర్ పురస్కారం గెలుచుకుని, 1988లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో ఉత్సవానికి తరలివెళ్లి, పుస్తకరూపంలో గవర్నర్ జనరల్ బహుమతి తుది జాబితాకెక్కి, 2021లో స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవంలో సరికొత్త తరం నటీమణులతో మళ్లీ కొలువుతీరిందీ నాటకం. ఇదే ఊరి మగవాళ్లను ముందుకు తెచ్చిన నాటకం 1989లో వచ్చింది. రచయితను 1994లో ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’ వరించింది. 1982లో మొదలైన నేటివ్ ఎర్త్ ఈనాటికీ కొత్త ఆదివాసీ రచయితలకు పుట్టినిల్లుగా వర్ధిల్లుతోంది. బహుమతుల మాట అటుంచితే, ఆదివాసీ స్త్రీలకే ఒక్కసారిగా ఏడు నిండైన పాత్రలు దక్కడం అన్నిటికన్నా పెద్ద కానుక అని మా అభిప్రాయం.

హైవే కలం నిండు నూరేళ్లు నవ్వులు పండించుగాక! నేటివ్ ఎర్త్ వేదిక ఏటేటా కొత్త గొంతులతో కళకళలాడుగాక! స్వర్ణోత్సవానికి ఇక పదేళ్లే. ఇప్పుడు బడిలో చదువుకుంటున్న ఆదివాసీ ఆడపిల్ల ఎవరో 2036 నాటికి పెలాజియాగా ఆ ఇంటికప్పు ఎక్కుతుందని మా గట్టి నమ్మకం. ఆమెకు మా ఆశీస్సులు ఇప్పుడే అందజేస్తున్నాం.