కంప్యూటర్ లేని రోజుల్లో మన సుబ్బారావు గారు

కొత్త మందుల కోసం డీప్ లెర్నింగ్ అణువులను వెతుకుతోందన్న వార్త చూసినప్పుడల్లా, బయోకెమిస్ట్రీ చదువుకున్న నాకు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో గుర్తించారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని రూపాలను ల్యుకేమియా ఉన్న పిల్లలకిస్తే జబ్బు ఇంకా ముదురుతున్నట్టు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. ఆ చేదు ఫలితమే దారి చూపింది. ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటూ దాని పనికి అడ్డుపడే అణువులను సుబ్బారావు గారి బృందం చేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లలకు కొంతకాలమైనా జబ్బు తగ్గింది. దాని తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన మాత్రం 1948లో, 53 ఏళ్లకే వెళ్లిపోయారు.

నేటి కంప్యూటర్ లక్షల అణువులను పోల్చి చూడగలదు. కానీ పనిచేసిన వాటితోపాటు పనిచేయనివి కూడా చూపిస్తేనే అది సరిగ్గా నేర్చుకుంటుంది. కోడింగ్ క్లాసులకు వెళ్తున్న మన పిల్లలకు ఆయన కథ కూడా చెబుదాం.